చిన్న ఇంజన్ల సులభ ప్రారంభం: రూపకల్పన సూత్రాలు, క్షేత్రస్థాయి పాఠాలు

వ్యవసాయ యంత్రాన్ని ఎంపిక చేసేటప్పుడు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. అది ఎన్ని హార్స్ పవర్‌ది, గంటకు ఎంత ఇంధనం తాగుతుంది, రోజుకు ఎన్ని ఎకరాలు చేస్తుంది. నాలుగో ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది: దీనిని ఎవరు స్టార్టు చేయగలరు? పవర్ వీడర్, బ్రష్ కట్టర్, వీపున మోసే పవర్ స్ప్రేయర్, చిన్న పెట్రోలు పంపుసెట్టు వంటి యంత్రాలలో అత్యధికం నేటికీ తాడు లాగి స్టార్టు చేసేవే. ఆ తాడును లాగగలిగిన చేయి ఎవరిదో, యంత్రంపై అధికారం వారిదే అవుతుంది.

తెలుగు రాష్ట్రాలలో వరి, పత్తి, మిరప, అపరాల పంటలలో కలుపు తీత ప్రధానంగా స్త్రీల పని. కలుపు తీసే యంత్రం గ్రామంలోకి వచ్చినప్పుడు వారి నడుముపై భారం తగ్గాలన్నది ఆశయం. కానీ యంత్రం సాలు చివర ఆగిపోయిన ప్రతిసారీ తిరిగి స్టార్టు చేయడానికి మరొకరిని పిలవవలసి వస్తే ఆ పని క్రమంగా మగవారి చేతికి మారుతుంది. కూలి పోయేది ఒకరిది, సౌకర్యం దక్కేది మరొకరికి. వయసు పైబడిన చిన్న రైతుల పరిస్థితి కూడా దాదాపు ఇటువంటిదే.

దీనిలో సాగు శాస్త్రానికి సంబంధించిన కోణం కూడా ఉంది. పత్తిలో విత్తిన తొలి రెండు నెలలు కలుపు పోటీకి కీలకమైన దశ. నల్లరేగడిలో వర్షం పడిన తరువాత అడుగు దిగబడే బురదకూ, పలుగు దిగని గట్టిదనానికీ మధ్య అంతరకృషికి అనువైన పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజులలో ఇంజన్ స్టార్టు కాక ఒక పూట పోతే ఆ నష్టం ఇంధన ఖర్చు లెక్కలో కనిపించదు, దిగుబడిలో కనిపిస్తుంది. అందువల్ల తాడు లాగే బలాన్ని తగ్గించే రూపకల్పన సూత్రాలను వ్యవసాయ ఇంజనీర్లతో పాటు విస్తరణ శాస్త్రవేత్తలు కూడా తెలుసుకోవలసి ఉంది.

తాడు వెనుక జరిగే పని

తాడు లాగినప్పుడు చేయి ఎదుర్కొనేవి ప్రధానంగా మూడు: కదిలే భాగాల మధ్య ఘర్షణ, ఫ్లైవీలును వేగంగా తిప్పడానికి కావలసిన శక్తి, సిలిండరులోని గాలిని అదిమే పని. మూడవదాన్నే సంపీడనం అంటారు, మెకానిక్కుల మాటలో కంప్రెషన్. ఇంజన్ ‘బరువుగా ఉంది’ అని రైతు చెప్పినప్పుడు అది ఎక్కువగా ఈ మూడవదాని గురించే.

ఒక ఉదాహరణ లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. పవర్ వీడర్లలోనూ, పంపుసెట్లలోనూ తరచుగా కనిపించే 200 సి.సి. పెట్రోలు ఇంజన్‌ను తీసుకుందాం. సంపీడన నిష్పత్తి 8.5 అనుకుంటే, లీకేజీ లేని ఆదర్శ పరిస్థితిలో ఒక్క సంపీడన ఘాతానికి కావలసిన నికర పని దాదాపు 48 జౌల్‌లు. ఐదు కిలోల బరువును ఒక మీటరు ఎత్తడానికి పట్టే పనికి ఇది కొంచెం తక్కువ. ఇంత చిన్న పని చేయలేని మనిషి ఉండడు. మరి కష్టం ఎక్కడ?

కష్టం పని పరిమాణంలో లేదు, అది పంచుకున్న తీరులో ఉంది. పిస్టన్ పైకి పోయే అర్ధ భ్రమణంలో మొదటి భాగం తేలికగానే సాగుతుంది. మొత్తం పనిలో సుమారు నాలుగింట మూడు వంతులు చివరి 60 డిగ్రీలలోనే చేయవలసి ఉంటుంది. స్టార్టర్ చక్రం వ్యాసార్ధం 4 సెంటీమీటర్లయితే ఆ 60 డిగ్రీలు తాడు పొడవులో దాదాపు 4 సెంటీమీటర్లు మాత్రమే. ఫ్లైవీలు సాయం లేకుండా, చేతి బలంతోనే నెమ్మదిగా ఆ నాలుగు సెంటీమీటర్లు దాటించాలంటే సగటున 90 కిలోల బరువును లాగినంత బలం కావాలి. వాస్తవంలో నెమ్మదిగా తిప్పినప్పుడు పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి జారిపోతుంది కాబట్టి బలం ఇంతకన్నా తక్కువే పడుతుంది. అయినా ‘తాడు ఒక చోట బిగుసుకుపోతుంది’ అన్న అనుభవానికి కారణం ఇదే.

ఈ బిగువును దాటించేది ఫ్లైవీలు. తాడును చురుకుగా లాగితే సంపీడనం మొదలయ్యేలోగా ఫ్లైవీలు వేగం అందుకుని శక్తిని నిల్వ చేసుకుంటుంది, ఆ శక్తితోనే చివరి 60 డిగ్రీలను దాటుతుంది. అంటే సాధారణ స్టార్టరు మనిషి నుంచి కోరుతున్నది బలం ఒక్కటే కాదు, వేగం కూడా. బలం ఉన్నా వేగంగా లాగలేని చేయి, భుజం నొప్పి ఉన్న చేయి ఇక్కడ ఓడిపోతాయి. ఫ్లైవీలు బరువు పెంచితే సమస్య తగ్గుతుంది, కానీ వీపున మోసే యంత్రంలో ప్రతి వంద గ్రాములూ భుజాన పడతాయి. రూపకల్పన చేసేవారు అందుకే వేరే మార్గాలు వెతికారు.

ఆయిల్ ఇంజన్ నేర్పిన పాఠం

ఆ మార్గాలలో ముఖ్యమైనది తెలుగు రైతుకు కొత్తది కాదు. బావుల దగ్గర, కాలువ గట్లపైన తరాలుగా పనిచేసిన డీజిల్ ఆయిల్ ఇంజన్లలో అది ఉంది. సుమారు 5 హార్స్ పవర్, 550 సి.సి. డీజిల్ ఇంజన్‌లో సంపీడన నిష్పత్తి 16.5 అయితే ఒక్క ఘాతానికి కావలసిన నికర పని దాదాపు 200 జౌల్‌లు, అంటే పైన చెప్పిన పెట్రోలు ఇంజన్‌కు నాలుగింతలు. డీజిల్‌కు నిప్పురవ్వ ఉండదు, గాలిని అదిమి పుట్టించిన వేడితోనే ఇంధనం మండాలి. కాబట్టి నిష్పత్తిని తగ్గించే వీలు లేదు.

దీనికి పరిష్కారంగా ఇంజన్ తల మీద ఒక చిన్న మీట పెట్టారు. దానిని ఎత్తితే వాల్వు కొద్దిగా తెరిచి ఉండి సిలిండరులోని గాలి అదుము పడకుండా బయటికి పోతుంది. హ్యాండిల్‌తో బరువైన ఫ్లైవీలును తేలికగా తిప్పి, వేగం అందుకున్నాక మీట దించితే ఆ క్షణం నుంచి సంపీడనం మొదలవుతుంది. అవసరమైన శక్తిని ఫ్లైవీలు అప్పటికే దాచుకుని ఉంటుంది. మనిషి అనేక చుట్లలో నెమ్మదిగా చేసిన పనిని ఇంజన్ ఒక్క ఘాతంలో వాడుకుంటుంది. చిన్న ఇంజన్లను సులభంగా స్టార్టు చేసే పద్ధతులలో అధిక భాగం ఈ ఒక్క ఆలోచనకు రూపాంతరాలే: సంపీడనాన్ని వాయిదా వేయడం, లేదా దానికి కావలసిన శక్తిని ముందుగా కూడబెట్టడం.

మీట ఉన్న ఇంజన్‌కు రెండు చేతులు కావాలి, సమయం తప్పకుండా దించే నేర్పు కావాలి. తాడుతో లాగే చిన్న పెట్రోలు ఇంజన్‌లో ఇది కుదరదు. అందువల్ల ఆ మీట పనిని ఇంజనే స్వయంగా చేసుకునే ఏర్పాటు అవసరమైంది.

తనంతట తానే సడలే సంపీడనం

నాలుగు ఘాతాల ఇంజన్లలో నేడు విస్తృతంగా వాడుతున్నది స్వయంచాలక డీకంప్రెషన్ ఏర్పాటు. క్యామ్ షాఫ్టుపై ఒక చిన్న బరువు, దానిని పట్టి ఉంచే బలహీనమైన స్ప్రింగు, ఎగ్జాస్ట్ క్యామ్ పక్కన పొడుచుకు వచ్చే ఒక చిన్న పిన్ను ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, లేదా తాడుతో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ పిన్ను క్యామ్ ఉపరితలం కంటే కొద్దిగా పైకి ఉండి, సంపీడన ఘాతంలో ఎగ్జాస్ట్ వాల్వును మిల్లీమీటరులో కొద్ది భాగం ఎత్తుతుంది. కొంత గాలి బయటికి పోయాక వాల్వు మూసుకుంటుంది, మిగిలిన మిశ్రమం మాత్రమే అదుము పడి మండుతుంది. ఇంజన్ అందుకుని వేగం పెరగగానే అపకేంద్ర బలం వల్ల బరువు బయటికి జరుగుతుంది, పిన్ను లోపలికి పోతుంది, పూర్తి సంపీడనం తిరిగి వస్తుంది.

దీని ఫలితం పరిశీలించదగినది. పై 200 సి.సి. ఉదాహరణలో సగం గాలి బయటికి పోయాక వాల్వు మూసుకుంటుందనుకుంటే మిగిలిన సంపీడనానికి కావలసిన పని సుమారు 12 జౌల్‌లు మాత్రమే. గాలి సగమైతే పని సగం కాలేదు, నాలుగో వంతుకు పడిపోయింది. అదిమే గాలితో పాటు అదిమే నిష్పత్తి కూడా తగ్గడమే దీనికి కారణం. 1983లో మొదలైన హోండా జి.ఎక్స్. శ్రేణి వంటి ఇంజన్లు మధ్యస్థ బలం గల వ్యక్తి చేతికి కూడా అందుబాటులోకి రావడంలో ఈ ఏర్పాటుది గణనీయమైన పాత్ర.

మరొక పద్ధతిలో కదిలే భాగాలేవీ ఉండవు. అమెరికాకు చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన పచ్చిక కోత యంత్రాల ఇంజన్లలో ఇన్లెట్ క్యామ్‌పై ఒక స్వల్పమైన ఉబ్బును చెక్కించింది. దానివల్ల సంపీడన ఘాతంలో కొంతభాగం ఇన్లెట్ వాల్వు ఇరుకైన సందు మేర తెరిచి ఉంటుంది. నెమ్మదిగా తిప్పినప్పుడు ఆ సందులోంచి గాలి తప్పించుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ వ్యవధి ఉండదు కాబట్టి శక్తి నష్టం స్వల్పం. ఇక్కడ వేగాన్ని గుర్తించే యంత్రభాగం లేదు, కాలమే ఆ పని చేస్తుంది.

రెండు ఘాతాల ఇంజన్లలో వాల్వులే ఉండవు, సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే మూసి తెరుస్తుంది. వాటిలో ప్రతి చుట్టుకూ ఒక సంపీడనం ఉంటుంది. అయితే బ్రష్ కట్టర్లు, స్ప్రేయర్లలో వాడే ఇంజన్లు పరిమాణంలో చిన్నవి. 35 సి.సి., నిష్పత్తి 8 అనుకుంటే ఒక ఘాతానికి 8 జౌల్‌లు చాలు. చెట్లు కోసే పెద్ద రంపపు యంత్రాలలో మాత్రం సిలిండరుపై ఒక మీట వాల్వు ఉంటుంది. స్టార్టు చేసేముందు దానిని నొక్కితే కొంత గాలి బయటికి పోయే దారి ఏర్పడుతుంది, తొలి మంట పీడనానికి అది తనంతట తానే మూసుకుంటుంది.

తాడు, చక్రం, స్ప్రింగు

సంపీడనాన్ని సడలించడం ఒక దారి, తాడు వైపు నుంచి సాయం చేయడం రెండవ దారి. తాడు చుట్టే చక్రం వ్యాసం పెంచితే తులాదండ సూత్రం ప్రకారం లాగే బలం తగ్గుతుంది, కానీ అన్నే చుట్లు తిప్పడానికి ఎక్కువ పొడవు లాగాలి. మనిషి చేయి ఒక్క ఊపులో లాగగలిగే దూరానికి హద్దు ఉంది. పొట్టివారికి ఆ హద్దు మరింత తక్కువ. పొడవైన దేహాలను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించిన తాడు పొడవు, పిడి ఎత్తు ఇక్కడి స్త్రీలకు సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ చిక్కును విడదీసిన ఏర్పాటు స్ప్రింగు సాయంతో పనిచేసే స్టార్టరు. జర్మనీకి చెందిన స్టిల్ సంస్థ ఎర్గోస్టార్ట్ పేరుతో వాడుతున్న పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. తాడు చక్రానికీ, క్రాంక్ షాఫ్టుకూ మధ్య అదనంగా ఒక స్ప్రింగు ఉంటుంది. తాడు లాగినప్పుడు సంపీడనం వద్ద క్రాంక్ షాఫ్టు ఆగిపోయినా చేయి ఆగదు, స్ప్రింగు చుట్టుకుంటుంది. స్ప్రింగులో చేరిన బలం సంపీడనాన్ని మించగానే అది ఒక్కసారిగా విప్పుకుని క్రాంక్ షాఫ్టును వేగంగా తిప్పుతుంది. ఆయిల్ ఇంజన్‌లో ఫ్లైవీలు చేసిన కూడబెట్టే పనిని ఇక్కడ స్ప్రింగు చేస్తోంది. లాగేవారి వేగంతో ఇంజన్ తిరిగే వేగానికి సంబంధం తెగిపోయింది, నెమ్మదిగా, నిలకడగా లాగినా చాలు. మోచేతికి, భుజానికి తగిలే కుదుపు పోయింది. నాజూకు చేతికి యంత్రాన్ని అందించడంలో ఇది నిజమైన ముందడుగు. అయితే బిగువు మీద ఉన్న ఈ స్ప్రింగుల కవచాన్ని తెలియక విప్పితే గాయపడే ప్రమాదం ఉంది. దానిని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించాలి.

విద్యుత్ స్టార్టరు ఎందుకు పెట్టరాదన్న ప్రశ్న సహజం. 1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చినప్పటి నుంచి కారు నడపడానికి బలిష్ఠమైన చేయి అవసరం లేకపోయింది. పొలంలో వాడే చిన్న ఇంజన్‌కు మాత్రం బ్యాటరీ, మోటారు, చార్జింగు ఏర్పాటు అదనపు బరువు, అదనపు ధర. సంవత్సరంలో కొన్ని నెలలే వాడే యంత్రంలో బ్యాటరీ మూలబడి పాడవుతుంది. పవర్ టిల్లర్ వంటి పెద్ద యంత్రాలకు అది తగినదే. భుజాన మోసే యంత్రానికి మంచి డీకంప్రెషన్, స్ప్రింగు సాయమే ఆచరణీయం. వీపున మోసే స్ప్రేయర్లలో పూర్తిగా బ్యాటరీతో నడిచేవి ఇంజన్‌ను తొలగించి ఈ సమస్యను మరో విధంగా పరిష్కరిస్తున్నాయి.

నిప్పురవ్వ, మిశ్రమం

తాడు తేలికైనంత మాత్రాన సరిపోదు, తక్కువ సార్లు లాగడం కూడా అంతే ముఖ్యం. ఒక్కసారి గట్టిగా లాగడం కంటే పదిహేనుసార్లు మోస్తరుగా లాగడమే ఎక్కువ అలసట.

చిన్న పెట్రోలు ఇంజన్లలో నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తు ఫ్లైవీలులోని అయస్కాంతం కాయిలు పక్కగా దూసుకుపోయినప్పుడు పుడుతుంది. వేగం తగ్గితే వోల్టేజీ తగ్గుతుంది, ఒక స్థాయికి దిగువన ప్లగ్‌లో రవ్వ రాదు. అందుకే నెమ్మదిగా ఎన్నిసార్లు లాగినా కొన్ని ఇంజన్లు పలకవు. పాత ప్లాటినం పాయింట్ల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ తక్కువ వేగంలోనూ నమ్మకమైన రవ్వను ఇస్తుంది. దానికి మరొక ప్రయోజనం కూడా ఉంది. నడుస్తున్న ఇంజన్‌లో పిస్టన్ శిఖరానికి చేరడానికి 20 డిగ్రీలకు పైగా ముందే రవ్వ పడాలి. తాడు లాగేటప్పుడు అంత ముందుగా పడితే మంట పిస్టన్‌ను వెనక్కు తోసి తాడును చేతిలోంచి గుంజుకుంటుంది. ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలని పెద్దలు చెప్పడానికి కారణం కూడా ఇటువంటి ఎదురుదెబ్బే. వేగాన్ని బట్టి రవ్వ సమయాన్ని మార్చే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు స్టార్టింగులో రవ్వను ఆలస్యం చేసి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

ఇంధనం సంగతి కూడా అటువంటిదే. చల్లని ఇంజన్‌లో పెట్రోలులోని తేలికైన భాగం మాత్రమే ఆవిరవుతుంది. అందుకే చోక్ మూసి మిశ్రమాన్ని చిక్కబరచాలి. బ్రష్ కట్టర్ వంటి ఎటు వంచినా పనిచేసే యంత్రాలలో డయాఫ్రమ్ కార్బురేటర్ ఉంటుంది. అది ఖాళీ అయితే ట్యాంకు నుంచి ఇంధనాన్ని తాడు లాగుతూనే రప్పించాలి. రబ్బరు బొడిపె వంటి ప్రైమర్ బల్బు ఆ పనిని వేలితో నొక్కి ముగించేలా చేస్తుంది. ఈ చిన్న బల్బు ఎన్నో లాగుళ్లను ఆదా చేస్తుంది. ఇంజన్ ఒకసారి దగ్గినట్టు పలికి ఆగితే చోక్ తెరవాలి. అలాగే మూసి ఉంచి లాగితే ప్లగ్ తడిసి, ఆ తరువాత ఎంత లాగినా ఫలితం ఉండదు. వేడిగా ఉన్న ఇంజన్‌కు చోక్ అవసరం లేదు.

తేలికైన ఇంజన్ పొలంలో బరువెక్కే కారణాలు

కొత్తగా కొన్నప్పుడు తేలికగా స్టార్టయిన యంత్రం రెండవ సీజనుకు మొరాయించడం సాధారణ ఫిర్యాదు. దీనిని ‘కంపెనీ నాసిరకం’ అని కొట్టిపారేయక ముందు కొన్ని కారణాలను పరిశీలించాలి.

మొదటిది వాల్వు సందు. డీకంప్రెషన్ పిన్ను వాల్వును ఎత్తేది మిల్లీమీటరులో కొద్ది భాగమే. 200 సి.సి. తరగతి ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వుకు ఉంచవలసిన సందు సుమారు 0.20 మిల్లీమీటర్లు. అరుగుదల వల్ల, సరిచూడకపోవడం వల్ల ఈ సందు పెరిగితే పిన్ను ఎత్తు ఆ ఖాళీలోనే కరిగిపోతుంది, వాల్వు తెరుచుకోదు. ఇంజన్‌లో ఏ భాగమూ విరగకపోయినా తాడు ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఫీలర్ గేజితో సందు సరిచేస్తే పోయే లోపానికి ఇంజన్ విప్పి రింగులు మార్చడం అనవసర ఖర్చు. దీనికి సంబంధించిన మరో విషయం విద్యార్థులు గుర్తుంచుకోవాలి: డీకంప్రెషన్ ఉన్న ఇంజన్‌లో తాడు లాగి కంప్రెషన్ గేజి చూస్తే పీడనం తక్కువగానే కనిపిస్తుంది. అది రింగుల అరుగుదలకు రుజువు కాదు.

రెండవది నిల్వ. చలి దేశాలలో చిన్న ఇంజన్లకు ప్రధాన శత్రువు గడ్డకట్టే చలి. ఇక్కడి శత్రువు సీజన్ల మధ్య విరామం. ఖరీఫ్ ముగిశాక ట్యాంకులో, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలి యంత్రాన్ని కొట్టంలో పెడితే తేలికైన భాగం ఆవిరై, మిగిలింది బంకలా మారి సన్నని జెట్లను మూసేస్తుంది. నేడు దేశమంతటా లభిస్తున్న, 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే ఇథనాలూ నీరూ కలిసి అడుగున వేరే పొరగా విడిపోతాయి. రెండు ఘాతాల ఇంజన్ కోసం ఆయిల్ కలిపి దాచిన మిశ్రమానికి ఇది మరింత హాని. సీజను చివర ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ ఆగేవరకు నడిపి కార్బురేటర్‌ను పొడిగా ఉంచడం, మళ్లీ తాజా ఇంధనంతో మొదలుపెట్టడం ఏ ఖర్చూ లేని నివారణ.

మూడవది కిరోసిన్. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కు మార్చే పంపుసెట్లను కిరోసిన్ మీదే ఆపేస్తే కార్బురేటర్ గిన్నెలో కిరోసిన్ మిగులుతుంది. మరుసటి ఉదయం చల్లని ఇంజన్‌లో అది ఆవిరి కాదు. ఆపడానికి కొన్ని నిమిషాల ముందు పెట్రోలుకు మార్చే అలవాటు మరునాటి శ్రమను తప్పిస్తుంది.

నాలుగవది భారం. వీడర్ గేరు న్యూట్రల్‌లో లేకపోయినా, పవర్ స్ప్రేయర్ పంపు పీడన విడుదల మీట తెరవకపోయినా తాడు లాగే చేయి ఇంజన్‌తో పాటు యంత్రాన్ని కూడా తిప్పవలసి వస్తుంది. ఐదవది రవాణా. నాలుగు ఘాతాల వీడర్‌ను ఆటోలో పక్కకు వాల్చి తెస్తే క్రాంక్ కేసులోని ఆయిల్ సిలిండరులోకి చేరవచ్చు. ద్రవం అదుము పడదు కాబట్టి తాడు మధ్యలో గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా లాగకూడదు. స్విచ్ ఆపి, ప్లగ్ విప్పి, నెమ్మదిగా తిప్పి ఆయిల్‌ను బయటికి పంపాలి. ఆరవది తాడే. తెగిన తాడుకు బదులు చేతికందిన లావుపాటి నైలాన్ తాడు కడితే చక్రంలో ఇరుక్కుంటుంది, పొట్టి తాడు కడితే చుట్లు తగ్గి ఫ్లైవీలుకు వేగం రాదు.

లాగే పద్ధతి

శిక్షణలలో రెండు నిమిషాలు కేటాయించదగిన నేర్పు ఇది. యంత్రం నేలపై స్థిరంగా ఉండాలి. పవర్ స్ప్రేయర్‌ను వీపున వేసుకున్నాక కాకుండా నేలపై ఉంచే స్టార్టు చేయాలి. తాడును మొదట నెమ్మదిగా, ఎదురు తగిలే వరకు మాత్రమే లాగాలి. దానితో తాడులోని వదులు పోయి లోపలి కొక్కెం పట్టుకుంటుంది. అక్కడి నుంచి చురుకుగా, తాడు బయటికి వచ్చే దారికి సూటిగా లాగాలి. పక్కకు లాగితే తాడు అంచుకు రాసుకుని ఘర్షణ పెరుగుతుంది, తాడు అరుగుతుంది. తాడును చివరి అంగుళం వరకు లాగకూడదు, తిరిగి వెళ్లేటప్పుడు పిడిని వదలకూడదు. చేతి కండరాలతో మాత్రమే కాకుండా వెనుక కాలిపైకి ఒళ్లు బరువు మార్చుతూ లాగితే భుజంపై భారం తగ్గుతుంది. స్ప్రింగు సాయం ఉన్న స్టార్టరుకు ఈ చురుకుదనం అవసరం లేదన్నది కూడా నేర్పవలసిన అంశమే.

సిఫారసులో చేరవలసిన కొలత

యంత్రాల పరీక్షకు దేశంలో తగిన వ్యవస్థ ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ కేంద్రంగా అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం కింద వ్యవసాయ కార్మికుల, స్త్రీలతో సహా, శరీర కొలతలు, బలం వివరాలు సేకరించి క్రోడీకరించారు. యంత్రాన్ని మనిషికి తగ్గట్టు మలచడానికి అవసరమైన ప్రాథమిక సమాచారం ఇది. దానిని కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనలతో, అద్దె యంత్రాల కేంద్రాల కొనుగోళ్లతో జతపరచడమే మిగిలి ఉన్న పని.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గరిష్ఠ విలువను నిలిపి చూపే డిజిటల్ వేలాడు తరాజును తాడుకూ పిడికీ మధ్య బిగిస్తే లాగే బలం నేరుగా తెలుస్తుంది. స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన పరిశీలనలో ఈ అంశాలు ఉండాలి:

• రాత్రంతా ఆగి ఉన్న చల్లని ఇంజన్‌కు గరిష్ఠ బలం, స్టార్టయ్యేవరకు లాగిన సార్లు.

• అరగంట పనిచేసి ఆపిన వేడి ఇంజన్‌కు ఐదు నిమిషాల తరువాత అవే కొలతలు. పొలంలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ పరిస్థితే.

• ఇంధనంతో సహా నెల రోజులు నిల్వ ఉంచిన తరువాత అవే కొలతలు.

• నేల నుంచి పిడి ఎత్తు, తాడు లాగవలసిన పొడవు, యంత్రాన్ని కాలితో అదిమి పట్టే చోటు ఉందా లేదా.

• పరీక్షలో పాల్గొన్న స్త్రీ పురుషుల వయసు, ఎత్తు, స్టార్టు చేయగలిగినవారి సంఖ్య.

చివరి అంశమే అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రదర్శనలో యంత్రాన్ని డీలరు ప్రతినిధి స్టార్టు చేసి ఇచ్చి, మహిళా రైతు నాలుగు సాళ్లు నడిపితే అది ఫోటోకు సరిపోతుంది గానీ పరీక్షకు సరిపోదు. యంత్రాన్ని ఆపి, ఆమె చేతనే తిరిగి స్టార్టు చేయించినప్పుడే ఆ యంత్రం ఆమెకు తగినదో కాదో తేలుతుంది. ‘మహిళలకు అనుకూలం’ అని సిఫారసు చేసే ప్రతి ఇంజన్ యంత్రానికి ఈ పరీక్ష జరిగి ఉండాలి.

డీకంప్రెషన్ పిన్ను, అదనపు స్ప్రింగు, ప్రైమర్ బల్బు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: ఇవేవీ అందనంత ఖరీదైనవి కావు, కొత్తగా కనిపెట్టవలసినవీ కావు. కొనేవారు అడగకపోతే చౌక నమూనాలలో ముందుగా మాయమయ్యేవి మాత్రం ఇవే. టెండరు నిబంధనలలో హార్స్ పవర్ పక్కన తాడు లాగే గరిష్ఠ బలానికి కూడా ఒక గడి చేరితే తయారీదారులు దానిని పట్టించుకుంటారు. ఆ గడిని నింపే కొలతలు అందించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది, విస్తరణ శాస్త్రవేత్తలది.